ప్రయోగ కవిత్వం – దేశాలు, ప్రభుత్వాలు

మగ్గం మీద పడుగు నిలువుగా ఉంటుంది. పేక అడ్డంగా నడుస్తుంది. పేక రంగు మార్చినా, అల్లిక మార్చినా కొత్త నమూనా వస్తుంది. నిజాంపురా పిల్లలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. భాష పడుగు అనుకుంటే, కవి వేసే కొత్త పేకే ప్రయోగం. అలవాటైన ఛందస్సును, మాటలను, వస్తువును కాదని కొత్త దారి తొక్కిన కవిత్వాన్ని ప్రయోగ కవిత్వం అంటారు.

తెలుగులో పఠాభి 1939లో 'ఫిడేలు రాగాల డజన్' వెలువరించి పాత ఛందస్సును ఆటపట్టించారు. 1965లో హైదరాబాదులో ఆరుగురు యువకులు దిగంబర కవులుగా ముందుకు వచ్చారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనేవి వారు పెట్టుకున్న పేర్లు. తమ మొదటి సంపుటిని వారు అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుని చేత ఆవిష్కరింపజేశారు. కవిత్వం ఎవరి సొత్తు అన్న ప్రశ్న ఆ పనిలోనే ఉంది.

మనం ఉంటున్న మహారాష్ట్రలోనూ ఇటువంటి మార్పు వచ్చింది. టాక్సీ నడిపి బతికిన నామ్‌దేవ్ ఢసాళ్ 1972లో 'గోలపీఠా' అనే సంపుటి ప్రకటించారు. ముంబయి పేదవాడల మాటలు అంతవరకు మరాఠీ కవిత్వంలో అరుదు. ఆయన వాటిని యథాతథంగా కవిత్వంలోకి తెచ్చారు. 1999లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

బెంగాలులో 1961లో మొదలైన 'హంగ్రీ' కవుల అనుభవం వేరు. వారిలో మలయ్ రాయ్‌చౌధురిని 1964లో అరెస్టు చేశారు. ఆయన కవిత అసభ్యమని 1965లో కింది కోర్టు 200 రూపాయల జరిమానా విధించింది. ఆయన పైకోర్టుకు వెళ్లారు. 1967లో కలకత్తా హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది.

ఇప్పుడు రష్యా సంగతి చూద్దాం. 1917 విప్లవం తరువాత మయకోవ్‌స్కీ పాదాలను మెట్లు మెట్లుగా విరిచి రాశారు. కొత్త రాజ్యం ఆ గొంతును వాడుకుంది. కాని 1934 నాటికి రచయితలు నడవవలసిన దారిని ప్రభుత్వమే నిర్ణయించింది. వింత కవితలు రాసిన దనీల్ ఖార్మ్స్ బతుకుతెరువుకు పిల్లల కథలు, గేయాలు రాసుకున్నారు. పెద్దలకోసం రాసినవి దాదాపు అచ్చు కాలేదు. 1941లో ఆయనను అరెస్టు చేశారు. 1942లో లెనిన్‌గ్రాడ్ జైలు ఆసుపత్రిలో ఆయన మరణించారు. యుద్ధకాలంలో ఒక మిత్రుడు ఆయన రాతప్రతులను పెట్టెలో పెట్టి కాపాడకపోతే ఆ కవిత్వం మనకు మిగిలేది కాదు.

ఈ కవులందరూ భాషను కొత్తగా నేశారు. ప్రజాస్వామ్యంలో కూడా కవికి సంకెళ్లు పడ్డాయి. అయితే అక్కడ తట్టడానికి మరొక తలుపు ఉంది. ఖార్మ్స్‌కు ఆ తలుపు లేదు. అందువల్ల ఒక ప్రయోగాన్ని తూచేటప్పుడు అది ఎంత వింతగా ఉందని మాత్రమే చూస్తే చాలదు. అంతవరకు చెప్పలేని ఏ మాటను అది చెప్పించింది, అందుకు కవి చెల్లించిన మూల్యం ఎంత అని కూడా అడగాలి.

ప్రశ్నలు
1. దిగంబర కవులు తమ మొదటి సంపుటిని ఎవరి చేత ఆవిష్కరింపజేశారు? ఎందుకని భావిస్తున్నారు?
2. రాయ్‌చౌధురి, ఖార్మ్స్‌ల అనుభవాలను పోల్చండి.
3. మీ మరాఠీ వాచకంలోని ఒక కవితను, ఈ వాచకంలోని ఒక కవితను పక్కపక్కన పెట్టి, ఏది కొత్త దారి తొక్కిందో కారణాలతో రాయండి.