మేనేజరు చెవికి చేరాల్సిన మాట

మంచిర్యాల జిల్లా కాసిపేట, మందమర్రి, బెల్లంపల్లి వైపు మైనింగ్ చదివే పిల్లలకు ముందున్న మెట్లన్నీ కంఠతా వచ్చు. గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లు, ఓవర్‌మెన్ పరీక్ష, ఆ తర్వాత సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ పరీక్షలు. ఇక కమ్యూనికేషన్ స్కిల్స్ అనగానే ఇంటర్వ్యూలో తడబడకుండా ఇంగ్లిష్ మాట్లాడటమే అనుకుంటారు. అది ఉద్యోగంలో చేరేదాకా పనికొస్తుంది. చేరాక బాయిలో, అంటే గనిలో, అధికారి నేర్పును తేల్చేది వేరే లెక్క: కింద ఎక్కడో తలెత్తిన చెడు కబురు ఎంత త్వరగా, ఎంత ఉన్నదున్నట్టుగా ఆయన దాకా వస్తోందన్నదే.

భూగర్భ గనిలో మేనేజరు అన్ని చోట్లా ఉండలేడు. పైకప్పు వదులైన సంగతి, నీటి ఊట పెరిగిన సంగతి ముందు తెలిసేది అక్కడ పనిచేసే కార్మికుడికి. ఆయన సర్దారుకు చెప్పాలి, సర్దారు ఓవర్‌మెన్‌కు, ఓవర్‌మెన్ అండర్ మేనేజరుకు, ఆయన మేనేజరుకు. ప్రతి మెట్టు మీదా మాట కాస్త మెత్తబడే ప్రమాదం ఉంది. ఒకసారి చెప్పినందుకు ‘ఉత్పత్తి ఆపేస్తావా’ అని కసురుకుంటే, రెండోసారి ఆ నోరు పెగలదు. 1955 గనుల నియమాలు ఈ బలహీనతను గుర్తించాయి. అధికారులతో సమానంగా కార్మికుల ప్రతినిధులను కూర్చోబెట్టి, నెలకోసారైనా సమావేశమయ్యే సేఫ్టీ కమిటీని పెట్టాయి. కానీ మాట్లాడే ధైర్యాన్ని నియమం ఇవ్వలేదు, కుర్చీలో ఉన్న మనిషే ఇవ్వాలి. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయిన బొగ్గు గనుల ప్రాంతమిది. ఆ దుర్ఘటనకు మాటల లోపమే కారణమని అనడం లేదు. ఇలాంటి చోట ఏ చిన్న కబురూ దారిలో ఆగిపోకూడదని మాత్రం అంటున్నాను.

మాట ఆగితే ఏమవుతుందో విమానరంగం ఘోరంగా తెలుసుకుంది. 1977 మార్చి 27న టెనెరిఫ్ విమానాశ్రయంలో, పొగమంచులో, రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది మరణించారు. అవతలి విమానం రన్‌వే నుంచి తప్పుకుందా అన్న సందేహాన్ని, టేకాఫ్ మొదలుపెట్టిన విమానంలోని ఫ్లైట్ ఇంజనీర్ బయటపెట్టాడు. ఎంతో సీనియరైన కెప్టెన్ దాన్ని కొట్టిపారేసి ముందుకు సాగాడు. ఆ తర్వాతి ఏళ్లలో పైలట్ల శిక్షణ మారింది. కింది ఉద్యోగి సందేహం చెప్పడం, పైవాడు ఆగి వినడం అందులో పాఠాలయ్యాయి.

గనిలో ఇదంతా కుదరదని, అక్కడ ఆజ్ఞ ఆజ్ఞేనని కొందరంటారు. ప్రమాదం ముంచుకొచ్చిన నిమిషంలో అది నిజమే. అప్పుడు చర్చ పెట్టే అధికారి మనుషుల్ని పోగొట్టుకుంటాడు. కానీ ఆ నిమిషంలో కార్మికులు ఆజ్ఞను నమ్మి కదిలేది, మామూలు రోజుల్లో తమ మాట విన్న మనిషి చెబితేనే. ఉత్పత్తి లక్ష్యం ఉండగా ఇంత తీరిక ఎక్కడిదన్న అభ్యంతరం ఇంకా బలమైనది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. అయితే పైకప్పు కూలితే ఆగే షిఫ్టులతో పోలిస్తే షిఫ్టు మొదట్లో మస్టరు దగ్గర వాళ్ల మాట వినే పది నిమిషాలు పెద్ద ఖర్చేమీ కాదు. పైగా కింద ఉన్నవాళ్లూ మారారు. వారసత్వ ఉద్యోగాల్లో డిగ్రీ, బీటెక్ చదివినవాళ్లు కూడా బదిలీ వర్కర్లుగా చేరారు. కారణం చెప్పకుండా గద్దిస్తే వాళ్లు పని చేస్తారు, కానీ చూసింది చెప్పరు.

నేర్చుకోవాల్సింది చాలా మామూలు పనులే. ‘అంతా బాగేనా’ అని అడిగితే ‘బాగే సార్’ అన్న జవాబే వస్తుంది. ‘రెండో షిఫ్టులో ఏ లెవల్లో రూఫ్ వదులుగా కనిపించింది’ అని అడిగితే సమాచారం వస్తుంది. పని చెప్పాక, ఏం అర్థమైందో ఎదుటివాళ్ల నోటితో మళ్లీ చెప్పించుకోవాలి. తిట్టాల్సి వస్తే నలుగురిలో తిట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది ఒకటుంది. ఫిర్యాదు చేసిన కార్మికుడి దగ్గరికి తిరిగి వెళ్లి ‘నువ్వు చెప్పినదానికి ఈ పని చేశాం’ అనో, ‘ఇందువల్ల చేయలేకపోయాం’ అనో చెప్పడం. డిప్లొమా విద్యార్థులు ట్రైనింగ్‌కు బాయి దిగినప్పుడే దీన్ని సాధన చేయవచ్చు: సర్దారు రాసిన షిఫ్టు రిపోర్టు చదివి, అందులో లేని సంగతులేమిటో అక్కడి పనివాళ్లను వాళ్ల మాటల్లోనే అడిగి రాసుకోండి.