ఓడల నిర్మాణం: బందరు నుంచి విశాఖ దాకా

మచిలీపట్నం (బందరు) పేరున్న రేవే. డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. అయితే తీరంలో లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి, సరుకును పడవలు చేరవేసేవి. అందుకే 17వ శతాబ్దంలో ఓడల తయారీకి, మరమ్మతుకు పేరొచ్చింది బందరుకు కాదు, గోదావరి వశిష్ఠ పాయ మీది నరసాపురానికి. ఎగువ అడవుల టేకు నదిలోనే దిగివచ్చేది. రేవు, ఓడల నిర్మాణ కేంద్రం ఒకటే అనుకుని పరీక్షల్లో తప్పు జవాబు పెట్టేవారు ఎక్కువ.

ఆధునిక యార్డు విశాఖకు దక్కింది. వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వంలోని సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ దీన్ని స్థాపించింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. తొలి ఓడ ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారు, ఈ తేదీ తప్పక గుర్తుంచుకోండి. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఏర్పడింది, 1961లో పూర్తిగా ప్రభుత్వపరమైంది. 2010 నుంచి రక్షణ శాఖ కింద ఉంది.

పోలికకు స్కాట్లాండ్ చూడండి. డంబార్టన్‌లో 1844లో మొదలైన డెన్నీ సోదరుల కంపెనీ కుటుంబ సంస్థగానే సాగి 1963లో మూతపడింది. ఓడల నమూనాలను నీటి తొట్టెలో పరీక్షించే విధానాన్ని వాణిజ్య యార్డుల్లో మొదట తెచ్చింది వీరే, 1883లో.