సాయంత్రాలే పని వేళలైతే...

ప్రశ్న: హైదరాబాద్‌లో పిల్లల థెరపీ సెంటర్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. పాప అప్పటికే నిద్రపోతుంది. ఆపైన థెరపీకి వచ్చే పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ సందేశాలు. మానేయమంటున్నారు అత్తయ్యగారు.
– ఒక సోదరి, కూకట్‌పల్లి

జవాబు: మానేయకండి, వేళ మార్చుకోండి. పిల్లలు బడి వదిలాకే వస్తారు కనుక మీ సెంటర్‌కు సాయంత్రాలే గిరాకీ. బడికి వెళ్లని మూడేళ్లలోపు పిల్లలను పొద్దున చూడొచ్చు. పక్షవాతం వచ్చినవారికి థెరపీ ఇచ్చే ఆసుపత్రి విభాగాలు ఎక్కువగా పగటిపూటే నడుస్తాయి. పైగా 50, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలో పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నది చట్టం. తల్లి రోజుకు 4 సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు.

ఇక సందేశాలు. పిల్లాడి తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తలుపు మూసి థెరపీ చేస్తే రాత్రికి ఆమెకు అనుమానాలు రాక ఏం చేస్తాయి? సెంటర్‌లో గడిపే ఆ కాసేపటికన్నా, ఇంట్లో రోజూ జరిగే స్నానం, భోజనం, చొక్కా గుండీలే పిల్లాడికి అసలు సాధన. ఆమెను లోపలికి పిలిచి, చివరి పది నిమిషాలు ఆమె చేతే చేయించండి. ముద్ద వాడినే కలుపుకోనివ్వమని నాయనమ్మకూ చెప్పండి (తినిపించే చెయ్యి చాలా ఇళ్లలో ఆవిడదే!). ఫోన్‌కు ఒక వేళ పెట్టి, గోడ మీద రాసి అంటించండి.

అత్తయ్యగారితో మీవారే మాట్లాడాలి. సాయంత్రాలు పాపను చూసుకోవడంలో ఆయన వాటా ఎంతో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు అది తేల్చుకోండి.