సైకిలు ప్రయాణము – పాదముల తిమ్మిరి

మన పల్నాటి సీమలో నరసరావుపేట, మాచర్ల, గురజాల పట్టణములకు చుట్టుపట్ల పల్లెల నుండి సైకిలుపై వచ్చి చదువుకొన్న విద్యార్థులు తరతరములుగా కలరు. కొంత దూరము త్రొక్కిన పిదప పాదమునందు చీమలు ప్రాకినట్లు, సూదులు గ్రుచ్చినట్లు తోచి, క్రమముగా వ్రేళ్ళు మొద్దుబారుట పలువురి అనుభవమే. దీనిని తెలుగున తిమ్మిరి అందుము. ఉర్దూ మాతృభాషగా గల మిత్రులు 'పాఁవ్ సున్ హో గయా' అందురు. మాట వేరైనను బాధ యొక్కటే. దిగి నాలుగడుగులు నడచినచో పోవును గనుక ఎవరును దీనిని లెక్కచేయరు. అయితే లెక్కచేయవలసిన తిమ్మిరియు కలదు. ఆ రెంటి భేదమును తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

తిమ్మిరి ఏల కలుగును?

రక్తము ఆగిపోవుటచే తిమ్మిరి కలుగునని సాధారణముగా అనుకొందుము. ఇది సగము సత్యము. చర్మము నుండి మెదడునకు స్పర్శవార్తను గొనిపోవునవి నాడులు. నాడి నొక్కుకొన్నపుడు దానిని పోషించు సన్నని రక్తనాళములును నొక్కుకొనును. అపుడు వార్త తెగి, పాదము మొద్దుబారును. ఒత్తిడి తొలగిన పిమ్మట నాడి పూర్తిగా తేరుకొనక మునుపే క్రమము లేని వార్తలను పంపును. మనకు జివ్వుమని తోచునది ఇదియే.

సైకిలుపై ఒత్తిడి ఎచ్చట?

వ్రేళ్ళకు పోవు నాడులు వ్రేళ్ళ మొదళ్ళయందలి ఎముకల నడుమగా సాగును. పలుచని చెప్పులతో ఇరుకైన పెడలును త్రొక్కునపుడు బరువంతయు ఆ చోటనే పడును. బిగుతైన బూట్లు ప్రక్కల నుండి నొక్కును. వేసవిలో వేడికి పాదములు కొంత ఉబ్బును. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటా ప్రసిద్ధములు గదా! ఉదయము సరిపోయిన బూటు మధ్యాహ్నమునకు బిగుతగుట అందువలననే.

అన్నగారి సైకిలును తమ్ముడు ఎక్కినపుడు మరియొక చిక్కు కలదు. సీటు ఎత్తుగా నుండుటచే తమ్ముడు మునివ్రేళ్ళతో త్రొక్కును. నడుము అటునిటు ఊగును. సీటు అంచు తొడను ఒరయును.

నివారణ

సీటుపై కూర్చుండి, పెడలు అడుగునకు చేరినపుడు దానిపై మడమ నుంచిన, కాలు చక్కగా చాపుకొనవలెను. అటుపిమ్మట పాదపు ముందుభాగముతో త్రొక్కినచో మోకాలు కొంచెము వంగి యుండును. అదియే తగిన ఎత్తు. అడుగు గట్టిగా నుండి, వ్రేళ్ళు కదలుటకు చోటున్న బూటు మేలు. పుస్తకముల సంచిని వీపుపై గాక క్యారియరుపై కట్టుకొనవలెను. దూర ప్రయాణమున నడుమ నడుమ దిగి, వ్రేళ్ళను ఆడించుట మంచిది.

ఉపేక్షింపరాని తిమ్మిరి

సైకిలు దిగినను పోని తిమ్మిరి, రాత్రి పడకపై రెండు పాదములందును కలుగు మంట సైకిలు దోషములు కావు. మధుమేహము, బి-12 విటమిను లోపము వీనికి ముఖ్య కారణములలోనివి. నడుము నుండి పాదము వరకు నొప్పి ప్రాకినచో అది ఆయుర్వేదమున గృధ్రసి అనియు, యునానీ వైద్యమున ఇర్ఖున్నసా అనియు చెప్పబడు బాధ కావచ్చును. పాదము పైకెత్తుటకు బలము చాలకున్నను, మూత్రము పట్టు తప్పినను ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను.

రంగు తగ్గియో, ఎఱ్ఱబారియో స్పర్శ లేని మచ్చ కనబడినచో కుష్ఠు పరీక్ష అవసరము. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధికి సూక్ష్మజీవి కారణమని కనుగొనెను. ఇది పాపఫలము కాదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్సతో ఇది పూర్తిగా నయమగును. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఆ మందులు ఉచితము. సిగ్గుపడి దాచినచో నష్టపోవునది నాడియే.

నొప్పి మనిషిని పిలిచి చెప్పును. మొద్దుబారిన పాదము పిలువదు. మధుమేహము గలవారికి చెప్పు జారిపోయినను, ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియకపోవచ్చును. ఆ చిన్న గాయమే పుండై, తుదకు పాదమును తీసివేయవలసిన స్థితికి తేవచ్చును. కావున విద్యార్థి మిత్రులారా, సీటు సరిచేసికొని మీ తిమ్మిరిని పోగొట్టుకొనుడు. ఇంటికి పోయిన పిమ్మట దీపపు వెలుగున నాన్నగారి పాదములను, అబ్బాజాన్ పాదములను ఒక్కసారి త్రిప్పి చూడుడు. మనము చదివిన చదువు ఇంటివారికి ఉపయోగపడుట అట్లే గదా!