పెరటి కోడికి జబ్బు చేస్తే

మీ ఇంట్లో నాలుగైదు నాటుకోళ్లు ఉన్నాయనుకోండి. అవి మీకు చేతి డబ్బు లాంటివి. పిల్లవాడికి నోటు పుస్తకాలు కావాలన్నా, పండక్కి ఏదైనా కొనాలన్నా, చెప్పకుండా చుట్టం వచ్చినా వాటి మీదే ఆధారపడతారు. అలాంటి కోడి ఒక రోజు మేత మాని, ఒక మూల ముడుచుకు కూర్చుంటుంది. పశువుల ఆసుపత్రి అయిదారు మైళ్ల అవతల ఉంటుంది. గేదెకు జబ్బు చేస్తే తోలుకుపోతారు గాని, ఒక్క కోడి కోసం బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్లేవారు అరుదు. అప్పుడు ఏం చేయాలి?

ఈ పాఠం చదివిన తరువాత మీరు జబ్బు కోడిని తొందరగా గుర్తుపట్టగలుగుతారు. ఇంట్లో చేయదగిన వైద్యం ఏదో, మన చేతిలో లేనిది ఏదో చెప్పగలుగుతారు. ఈ రెండో విషయమే ముఖ్యం. ఎందుకంటే మందు లేని జబ్బుకు మందు వెతుకుతూ కూర్చుంటే, ఆ లోపల మిగతా కోళ్లకూ జబ్బు అంటుకుంటుంది.

పొద్దున్న గంప ఎత్తినప్పుడు

ఆరోగ్యంగా ఉన్న కోడి గంప ఎత్తగానే బయటికి ఉరుకుతుంది. జబ్బు చేసినది ఆఖరున వస్తుంది, లేదా అక్కడే ఉండిపోతుంది. ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు జార్చి, కళ్లు మూసుకుని ఉంటుంది. తలమీది ఎర్రటి జుట్టు పాలిపోతుంది, లేదా నల్లబారుతుంది. కోడి తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. నీరసించిన కోడిని తోటి కోళ్లే పొడుస్తాయి కదా! కాబట్టి మీ కంటికి జబ్బు కనబడేసరికి అది మొదలై ఒకటి రెండు రోజులై ఉండవచ్చునని గుర్తుంచుకోండి.

కోడిని చేతిలోకి తీసుకుని మెడ కింద, రొమ్ము పైన తడమండి. అక్కడ మేత సంచి ఉంటుంది. అది రాత్రి నిండుగా ఉండి, తెల్లవారేసరికి ఖాళీ కావాలి. పొద్దున్న కూడా రాయిలా గట్టిగా ఉంటే మేత అడ్డుపడిందన్నమాట. తరువాత రెట్ట చూడండి. మామూలు రెట్ట ముద్దగా ఉండి, పైన తెల్లటి పూత ఉంటుంది. ఆకుపచ్చగా నీళ్లలా పారినా, నెత్తురు కలిసినా అది జబ్బే. ఒళ్లు వెచ్చగా తగిలిందని మాత్రం జ్వరం అనుకోకండి. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, అంటే మన ఒంటి వేడి కన్నా ఎక్కువ. చేత్తో పట్టి చూస్తే జ్వరం తెలియదు.

మందు కన్నా ముందు

జబ్బు కోడిని వెంటనే వేరు చేయండి. జబ్బు ఏమిటో తేలేదాకా ఆగవద్దు. ఇంటికి అవతలి పక్క, నీడలో వేరే గంప కింద ఉంచండి. కింద పొడి గడ్డి గాని, పాత గోనెపట్టా గాని వేయండి. చలికాలమైతే గంప చుట్టూ గోనెసంచి కప్పండి, గాలి ఆడేందుకు ఒక పక్క వదలండి. మేత తినని కోడి ఒంట్లో వేడి నిలవదు. రోజూ ముందుగా బాగున్న కోళ్లకు మేత వేసి, ఆ తరువాతే జబ్బు కోడి దగ్గరికి వెళ్లండి. వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి. దాని నీళ్ల మూకుడు మరో కోడికి పెట్టకండి.

ఇక నీళ్లు. పారుడు పట్టిన కోడి చాలాసార్లు ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోతుంది. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలపండి. పిల్లలకు విరేచనాలైతే మీరు ఇచ్చే నీళ్లు ఇవే. ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోవాలి.

ఈ నీళ్లు పట్టడంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. కోడి ముక్కు తెరిచి గొంతులో గరిటెతో పోస్తారు. మన గొంతులో ఆహారం మింగేటప్పుడు గాలిగొట్టాన్ని మూసే చిన్న మూత ఉంటుంది. కోడికి ఆ మూత లేదు. దాని గాలిగొట్టం ద్వారం నాలుక వెనకాలే ఉంటుంది. పోసిన నీళ్లు సూటిగా ఊపిరితిత్తుల్లోకి పోయి, జబ్బుతో చావవలసిన అవసరం లేని కోడి కూడా మన వైద్యంతో చస్తుంది. కోడిని తువ్వాలుతో చుట్టి ఒళ్లో పెట్టుకోండి. దూది గాని, సిరా పోసే ఫిల్లరు గాని తీసుకుని ముక్కు పక్క అంచున ఒక్కొక్క చుక్కే వేయండి. కోడి తల ఎత్తి తనంతట తాను మింగాలి. మింగిన తరువాతే రెండో చుక్క. ఓపిక కావాలి, నిజమే. గంటకొకసారి పది పన్నెండు చుక్కలు పట్టినా మేలే. తల వాల్చేసి, స్పృహలేని కోడికి ఏదీ పట్టకండి.

కాస్త తేరుకున్నాక మెత్తగా ఉడికించిన నూకలు పెట్టండి. గొంతులో కిరోసిన్ పోయడం, ముక్కు రంధ్రాల్లో ఈక దూర్చడం లాంటివి వద్దు.

చేసి చూడండి: బాగున్న కోడి నీళ్లు తాగేటప్పుడు గమనించండి. అది తల ఎందుకు పైకెత్తుతుంది?

ఏ జబ్బుకు ఏం చేయాలి

మేత సంచి గట్టిపడితే నాలుగైదు చుక్కల వంటనూనె మింగించి, సంచిని వేళ్లతో మెల్లగా నలపండి. కోడిని తలకిందులు చేయకండి. పెట్ట గుడ్డు పెట్టలేక ముక్కుతూ ఉంటే, చేయి ఓర్చుకునేంత వేడినీళ్లలో దాని పొట్ట భాగాన్ని పావుగంట ఉంచి, గుడ్డు వచ్చే చోట కొంచెం నూనె రాయండి. గుడ్డును లోపల పగలనీయకండి.

జుట్టు మీద, కళ్ల చుట్టూ పొక్కులు లేస్తే అది కోళ్ల మశూచి. కొన్ని ఊళ్లలో అమ్మవారు పోసిందంటారు. దీన్ని ఎక్కువగా దోమలు అంటిస్తాయి. ఇది మనుషులకు రాదు. పొక్కులు గిల్లకుండా వేపనూనెలో పసుపు కలిపి రాయండి. అర లీటరు కాచిన నీటిలో ఒక చిన్న చెంచా ఉప్పు వేసి, చల్లారాక దానితో కళ్లు తుడవండి. ఈ జబ్బులో చాలా కోళ్లు మూడు నాలుగు వారాల్లో కోలుకుంటాయి. కాని కళ్లు మూసుకుపోయిన కోడికి గింజ కనిపించదు. అది ఆకలితో చస్తుంది, మనం మశూచితో చచ్చిందనుకుంటాం. కాబట్టి చేత్తో తినిపించండి.

జుట్టు పాలిపోయి, రాత్రి గూట్లోకి వెళ్లడానికి కోళ్లు మొరాయిస్తే, గూటి పగుళ్లలో గోమార్లు ఉన్నాయేమో చూడండి. అవి పగలు దాక్కుని రాత్రి నెత్తురు తాగుతాయి. కాబట్టి వైద్యం గూటికే చేయాలి. పగుళ్లలో మరిగే నీళ్లు పోసి, సున్నం కొట్టండి. కోళ్లు పొర్లాడే చోట బూడిద కలిపిన ఇసుక పోయండి. పొలానికి కొట్టే పురుగుమందు మాత్రం కోడి ఒంటి మీద చల్లకండి, కోడే చస్తుంది.

వానాకాలంలో పిల్లలు నెత్తురు పారుకుంటే అది రక్తపారుడు. దీనికి ఆంప్రోలియం పొడి, ఏలికపాములకు పైపరజిన్ మందు పశువుల మందుల దుకాణంలో దొరుకుతాయి. మీరు చదవడం నేర్చుకున్నది ఇలాంటి చోటే పనికి రావాలి. డబ్బా మీద గడువు తేదీ, ఎన్ని నీళ్లకు ఎంత మందు, మందు వాడాక ఎన్ని రోజులు గుడ్లు, మాంసం తినకూడదు అన్నవి మీరే చదవండి. ఇంట్లో మిగిలిన మనుషుల టెట్రాసైక్లిన్ బిళ్ల విప్పి పోయకండి. వైరస్ జబ్బులకు అది పనిచేయదు. పైగా దాని అవశేషం గుడ్డులోకి, మన కడుపులోకి వస్తుంది.

కొక్కెర తెగులు

కోడి నోరు తెరిచి రొప్పుతూ, ఆకుపచ్చగా పారుతూ, మెడ వంకర తిరిగి గుండ్రంగా తిరుగుతుంటే అది కొక్కెర అనుకోవాలి. ఇప్పటి ఉత్తరాఖండ్ కొండల్లోని రాణిఖేత్ ఊరి పేరు మీద దీన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర కనబడిన జబ్బూ ఇదే. ఇది వైరస్ వల్ల వస్తుంది. దీన్ని నయం చేసే మందు ఏ ఆసుపత్రిలోనూ లేదు. టీకా వేయని మందలో దాదాపు అన్నీ చనిపోవచ్చు.

టీకా ఒక్కటే రక్ష. పిల్లలకు అయిదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లో గాని ముక్కులో గాని ఒక చుక్క లసోటా టీకా, ఎనిమిది వారాలకు రెక్క కింద చర్మంలోకి ఆర్-2-బి టీకా వేస్తారు. బాగున్న కోళ్లకే వేయాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక సీసాలో వంద కోళ్లకో అంతకన్నా ఎక్కువ వాటికో సరిపడా మందు ఉంటుంది. దాన్ని మంచులో తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అయిదు కోళ్లున్న ఇల్లాలు ఒక్కతే ఈ పని చేయలేదు. వీధి వీధంతా కలిసి, ఎవరికెన్ని కోళ్లున్నాయో రాసుకుని, పశువైద్య సిబ్బందిని ఒకే రోజు పిలిపించుకోవాలి. ఆ జాబితా రాసే పని మీరు తీసుకోండి. టీకా తేదీ కూడా అందులో రాయండి.

ఉన్నట్టుండి చాలా కోళ్లు చనిపోతే చేత్తో ముట్టుకోకండి. అది బర్డ్ ఫ్లూ కావచ్చు. మన దేశంలో అది మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లోనూ వచ్చింది. 1962 నంబరుకు ఫోన్ చేసి పశువైద్యులకు చెప్పండి.

చచ్చిన కోడిని కాలువలో పారేయకండి. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. జబ్బు కోడిని సంతలో తెగనమ్మితే మీకు కొంత డబ్బు మిగులుతుంది, నిజమే. కాని కొన్నవారి గంప కిందికి జబ్బు చేరుతుంది. ఆ ఊరి పెంటపోగుల మీద మేసే కోళ్లు మీ ఊరికి ఎంత దూరం?

ఆలోచించి రాయండి

1. మీ పక్కింటి అత్త కోడికి మెడ వంకర తిరిగింది. రేపు సంత. ఆమె మీ సలహా అడిగింది. ఆమెకు ఏం చెబుతారో అయిదారు వాక్యాల్లో రాయండి.

2. మీ వీధిలో టీకా వేయించవలసిన కోళ్ల జాబితా తయారుచేయండి. ఇంటి పేరు, పెద్ద కోళ్లు, పిల్లలు, పిల్లల వయసు - నాలుగు గడులు గీయండి.