ప్రక్షేపము, అనుపానము, సంయోగము: ‘కలుపుట’లోని అర్థభేదములు

విజయవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దిక్కునకు పోయి శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు తెచ్చి, సమభాగములుగా దంచి కలిపినచో త్రికటు చూర్ణము సిద్ధమగును. అంతవరకు ‘కలుపుట’ అను మాటలో చిక్కు లేదు. చీటీలో ‘తేనె ప్రక్షేపముగా’ అనియో, ‘తేనె అనుపానముగా’ అనియో కనబడినప్పుడే చిక్కు. రెండింటిని ‘తేనె కలిపి’ అని చదువుకొని, కషాయము పొయ్యిమీద మరుగుచుండగనే తేనె పోయువారు మన ఇండ్లలో లేకపోలేదు. వేడిచేసిన తేనె హానికరమని చరక సంహిత స్పష్టముగా చెప్పుచున్నది.

ప్రక్షేపము ‘క్షిప్’ ధాతువు నుండి పుట్టినది. విసరుట, పైన వేయుట అని అర్థము. కషాయమును కాచి, వడగట్టిన పిదప వేయునది కనుక ఆ పేరు. అది తేనె అయినచో కషాయము చల్లారువరకు ఆగవలెను. లేహ్యమును దించిన తరువాత చల్లు ఏలకుల పొడియు ప్రక్షేపమే.

అనుపానము వేరు. ‘అను’ అనగా వెంట, ‘పానము’ అనగా త్రాగుట. మందు వెంట లోపలికి పోవునది. చూర్ణమును రంగరించి నాకు తేనెకును వాడుకలో ఈ పేరే స్థిరపడినది. ఇది మందు తూకములో చేరదు. ఇచ్చట తల్లులు ఒక సంగతి తప్పక గుర్తుంచుకొనవలెను. ఏడాది నిండని బిడ్డకు అనుపానముగానైనను తేనె నాకించరాదు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజములు పసిపేగులలో మొలచి, కండరములను చచ్చుపరచు విషమును పుట్టించునని నేటి వైద్యము తేల్చినది. వస అరగదీసి తేనెతో నాకించు ఆచారము ఎంత పాతదైనను మానవలసినదే.

యోగమునకు మూలము ‘యుజ్’ ధాతువు, జతపరచుట. ఎడ్లను జతచేయు కాడికి ఆంగ్లేయులు పెట్టిన ‘యోక్’ అను పేరును ఈ మాటకు జ్ఞాతియే. ‘యోగరత్నాకరము’ ఆసనముల పుస్తకము కాదు. అది చికిత్సా గ్రంథము, అందలి యోగములు మందుల కూర్పులు. సంయోగమున మరియొక మెలిక కలదు: విడిగా లేని గుణము కలయికలో పుట్టును. తేనె, నేయి విడివిడిగా హితములే. సమానమైన తూకమున కలిపినచో విరుద్ధమని చరకుని మాట.

తెలుగులో కలియుటకు ‘కూడు’ అను ధాతువు కలదు. కూడిక, కూడలి దాని సంతతియే. తినెడు ‘కూడు’ మాత్రము వేరు మూలమునది. తమిళమున చేరుట ‘కూటు’, గంజివంటి అన్నము ‘కూళ్’. కోడి అచ్చట ‘కోళి’ అయినట్లే ఇదియును. తెలుగు నోట రెండును ఒక్కటైనవి.

చివరగా నల్లేరు. సంస్కృతమున దీనికి ‘అస్థిసంహారము’ అని పేరు. సంహారమనగా చంపుట అనుకొని, ఎముకలను నాశనము చేయు తీగ యేమో అని జంకువారుందురు. ‘సం’ అనగా కూడ, ‘హృ’ అనగా తెచ్చుట. విడిపోయిన ఎముకను దగ్గరకు చేర్చునది అని ఇచ్చటి భావము. ఎముక విరిగినట్లు తోచినచో ముందు ఎక్స్‌రే తీయించి, ఎముకను సరిగా కూర్చోబెట్టించి కట్టు వేయించుకొనవలెను. వంకరగా ఉన్నదానిని తీగ సరిచేయజాలదు. ఆ పిదప నల్లేరు వాడదలచినచో విజయవాడలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి వంటి చోట వైద్యుని అడిగి వాడుకొనవచ్చును. పచ్చి నల్లేరు నోరు దురద పెట్టును. కాడల నార తీసి, నూనెలో బాగుగ వేయించి, చింతపండుతో పచ్చడి నూరుట మన ఇండ్ల పద్ధతి.