ఎదురీత

(పాఠ్యాంశ ఉద్దేశం: ఆరుబయట సాధన చేసే క్రీడాకారునికి ఎదురయ్యే భయం ఎటువంటిదో, దానిని వివేకంతో ఎదుర్కొనే విధానమేమిటో విద్యార్థులకు తెలియజేయడం.)

మానవ హృదయంలో స్థిరంగా నెలకొని ఉండే భావాలను ఆలంకారికులు స్థాయీభావాలన్నారు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది స్థాయీభావాలలో ఉత్సాహం ఒకటి, భయం మరొకటి. ఉత్సాహం వీరరసానికీ, భయం భయానక రసానికీ మూలం. కావ్యంలో వేర్వేరు రసాలకు ఆధారమైన ఈ రెండూ జీవితంలో ఒకే గుండెలో, ఒకే క్షణంలో పక్కపక్కనే నిలుస్తాయి. భయాన్ని ఎరిగి, అది చెప్పే మాటలో నిజమెంతో తూచి, ఆపైన అడుగు వేసేవాడే వీరుడు.

ఈ సత్యాన్ని అనుదినం పరీక్షించే క్రీడ ట్రయథ్లాన్. ఈత, సైకిలు, పరుగు అనే మూడింటినీ ఒకదాని వెంట ఒకటిగా, నడుమ విశ్రాంతి లేకుండా ముగించాలి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు తొలిసారి చోటు దక్కింది. ఒలింపిక్ పోటీలో 1.5 కిలోమీటర్లు ఈది, 40 కిలోమీటర్లు సైకిలు తొక్కి, 10 కిలోమీటర్లు పరుగెత్తాలి.

బాపట్ల జిల్లాలోని పర్చూరులో ఒక యువకుడు ఈ సాధనకు పూనుకున్నాడనుకుందాం. పత్తి, మిరప పండే నల్లరేగడి మైదానం అది. ఎత్తుపల్లాలు లేని దారులు సైకిలుకూ పరుగుకూ అనువైనవి. చీరాల దాటితే వాడరేవు సముద్రతీరం. అయినా ఇల్లు దాటిన నాటి నుంచే భయాలు అతని వెంటనడుస్తాయి. తెల్లవారుజామున వెంటపడే కుక్కలు, మిరప టిక్కీలతో దూసుకుపోయే లారీలు, వేసవి ఎండ, అన్నిటినీ మించి అంతు కానరాని సముద్రం!

ఈ భయాలన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని ఉన్న ప్రమాదాన్ని ఉన్నట్లు చెబుతాయి. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడగాలులకు వెయ్యిమందికి పైగా మరణించారు. అటువంటి మధ్యాహ్నం పరుగెత్తడానికి జంకడం పిరికితనం అనిపించుకోదు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కినవాడు దానికి ఎదురీదితే బలం నశించి మునిగిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా ఈది, ప్రవాహం నుంచి బయటపడిన తరువాతనే తీరం వైపు మళ్ళాలి. ఈ విషయం తెలియకుండా, తోడు లేకుండా కడలిలో దిగడం సాహసం కాదు, అవివేకం. ఇటువంటి భయం మాట వినవలసిందే.

మరికొన్ని భయాలు గోరంతను కొండంత చేస్తాయి. కొలనులో నిశ్చింతగా ఈదినవాడు సముద్రంలో అడుగు కనిపించకపోయేసరికి బెదురుతాడు. శరీరంలో ఎడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. శ్వాస పైపైన ఆడుతుంది. నేర్చిన ఈత మరచినట్లనిపిస్తుంది. అప్పుడు వెల్లకిలా తేలి, నెమ్మదిగా ఊపిరి విడవడమే మొదటి ఉపాయం. శ్వాస కుదుటపడితే మనసూ కుదుటపడుతుంది. ఇటువంటి భయం మందలింపుతో పోదు, అలవాటుతోనే అణగుతుంది.

అందుకు మన కాలపు నిదర్శనం గోలి శ్యామల. సామర్లకోటకు చెందిన ఈమె యానిమేషన్ రంగంలో పనిచేశారు. నీరంటే భయపడిన ఈమె, ఆ భయాన్ని పోగొట్టుకోవడానికి నలభై ఏళ్ళు దాటిన తరువాత ఈత నేర్చుకున్నారు. కొలనులో మొదలైన సాధన క్రమంగా సముద్రానికి చేరింది. 2021 మార్చి 19న శ్రీలంకలోని తలైమన్నార్ వద్ద తెల్లవారకముందే నీటిలో దిగి, 13 గంటల 43 నిమిషాలలో సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈది ధనుష్కోడి తీరాన్ని చేరుకున్నారు. ఆమెకు పూర్వం 2004లో బులా చౌదరి ఆ జలసంధిని ఈదిన మహిళగా ఖ్యాతి గడించారు. శ్యామల అక్కడితో ఆగలేదు. 2024 డిసెంబరు చివర విశాఖపట్నంలో బయలుదేరి, రోజుకు కొంత దూరం చొప్పున ఈదుతూ, 2025 జనవరి తొలి వారంలో కాకినాడ చేరి 150 కిలోమీటర్లు పూర్తిచేశారు.

ఆమె విజయంలో గురువు పాత్ర గుర్తించదగినది. ఆమెకు శిక్షణనిచ్చిన ఐ.పి.ఎస్. అధికారి రాజీవ్ త్రివేది 2012లో అదే జలసంధిని ఈదినవారు. దారి ఎరిగినవాడు చెప్పే ధైర్యం వట్టిమాట కాదు.

శ్యామల ఈదిన ఆ సముద్రం పేరు వినగానే తెలుగువారికి రామాయణం స్ఫురిస్తుంది. కిష్కింధాకాండ చివర, ఎదుట సముద్రాన్ని చూసి వానరసేన దిగులుపడుతుంది. ఎవరెంత దూరం లంఘించగలరని అంగదుడు ప్రశ్నిస్తే, ఒకరు పది యోజనాలని, మరొకరు ఇరవై అని, వేరొకరు ముప్పై అని తమ శక్తిని దాచకుండా చెబుతారు. అంగదుడు తాను నూరు యోజనాలూ దాటగలనంటూనే, తిరిగి రాగలనో లేదోనన్న సంశయాన్ని బయటపెడతాడు. ఆ వీరులలో ఎవరూ లేని బలాన్ని చెప్పుకోలేదు. ఉన్న సంశయాన్ని కప్పిపుచ్చుకోలేదు. మౌనంగా కూర్చున్న హనుమంతునికి మాత్రం జాంబవంతుడు అతని బలాన్ని గుర్తుచేశాడు. తన శక్తిని మించి అంచనా వేసుకోవడం ఎంత ప్రమాదమో, ఉన్న శక్తిని మరచిపోవడం అంత నష్టం. ఈ రెంటి నడుమ దారి చూపేవాడే గురువు.

పర్చూరు యువకుడు గ్రహించవలసిందీ ఇదే. ముందు కొలనులో శ్వాస నేర్చుకోవాలి. ఆపైన ఈత ఎరిగిన తోడుతో మొలలోతు నీటిలో నిలవాలి. అలల తీరు తెలిసిన జాలరులను అడగాలి. ఎండ ముదరకముందే పరుగు ముగించాలి. నేడు పది బారలు ఈదినవాడు రేపు పన్నెండు బారలు ఈదితే చాలు. అలలు హెచ్చిననాడు ఒడ్డునే ఆగిపోవడం కూడా సాధనలో భాగమే. అలా ఆగడం తెలిసినవాడే మరునాడు మళ్ళీ నీటిలో దిగగలడు.

కఠిన పదాలకు అర్థాలు

జలసంధి = రెండు పెద్ద జలభాగాలను కలిపే సన్నని సముద్రభాగం
లంఘించు = దూకు, దాటు
సంశయం = సందేహం
నిదర్శనం = ఉదాహరణ
అణగు = తగ్గిపోవు

ప్రశ్నలు

1. వినవలసిన భయానికీ, అలవాటుతో అణచవలసిన భయానికీ గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. గోలి శ్యామల సాధనను గురించి రాయండి.
3. అంగదుడు తన సంశయాన్ని బయటపెట్టడం వల్ల మనం గ్రహించే నీతి ఏమిటి?
4. మీకు కలిగిన ఒక భయాన్ని, దానిని మీరు ఎదుర్కొన్న తీరును పది వాక్యాలలో రాయండి.